వంత పాడేవాళ్ళు

మన భాషలో కొన్ని మాటలకి జరిగిన అన్యాయం తలుచుకుంటే నాకు జాలేస్తుంది. "వంత" అన్న మాటే తీసుకోండి. "ఆవిడకేం, అత్తగారు ఏమన్నా వంత పాడేస్తుంది" అంటాం. "నువ్వు మీ నాన్నకి వంత పాడకు, పుస్తకం తియ్యి" అని పిల్లల్ని కసురుతాం. మంత్రిగారికి వంత పాడే సభ్యుల గురించీ, మేనేజరుకి వంత పాడే గుమాస్తాల గురించీ పేపర్లలో చదువుతూనే ఉంటాం. మొత్తంమీద సొంత బుర్ర లేనివాళ్ళు చేసే పని వంత పాడటం అని మనమంతా కలిసి తేల్చేశాం. అది బుర్రకథ దగ్గర వినిపించే మాటే అయినా సరే! నిఘంటువు తీసి చూస్తే వంత అంటే దుఃఖం అని ఇంకో అర్థం కూడా కనిపిస్తుంది. రెండింటికీ సంబంధం ఉందో లేదో పండితులే చెప్పాలి గానీ, ఇల్లాళ్ళని అడిగితే మాత్రం ఉందనే అంటారు.

నేను 1974లో కాపురానికి మైదుకూరు వచ్చాను. కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, నంద్యాల రోడ్లు వచ్చి కలిసే ఊరు. కె.సి. కాలువ నీళ్ళు అందినచోట వరీ పసుపూ, అందనిచోట మబ్బు వంక చూడటమూ. మా పుట్టిల్లు గుంటూరు వైపు. అక్కడ బుర్రకథంటే ముగ్గురుండాలి. నడుమ తంబురతో కథకుడు, ఒక పక్కన హాస్యం చెప్పే వంత, ఇంకో పక్కన రాజకీయం చెప్పే వంత. పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారూ, ప్రజానాట్యమండలివాళ్ళూ 1940లలో ఊరూరా తిప్పి స్థిరపరిచిన పద్ధతి అది. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో ఆయన పోయారు. ఆ రోజుల్లోనే మోటూరి ఉదయం గారిలాంటి ఆడవాళ్ళు కూడా దళం కట్టి వేదిక ఎక్కారు. అప్పట్లో దానికెంత గుండె ధైర్యం కావాలో ఊహించుకోండి.

మైదుకూరులో నేను చూసింది వేరు. అంతకు ముందునుంచీ ఉన్న జంగం కథ. అందులో చాలాసార్లు ఇద్దరే ఉంటారు. మొగుడూ, పెళ్ళామూ. ఆయన భుజాన తంబుర, బొటనవేలికి అందె. ఆమె చంకన గుమ్మెట. అంటే మట్టికుండలాంటి దానికి తోలు బిగించిన చిన్న వాద్యం. అంతే సరంజామా. రామాలయం ముందు కిరసనాయిలు లాంతరు పెట్టుకుని బాలనాగమ్మ కథ మొదలుపెడితే తెల్లవారి కోడి కూసేదాకా సాగేది.

మర్నాడు పొద్దున వాళ్ళు ఇంటింటికీ వచ్చేవాళ్ళు. ఎవరికి తోచింది వాళ్ళు పెట్టేవారు. చాటెడు జొన్నలో, కొర్రలో, పసుపు తవ్వే రోజులైతే నాలుగు కొమ్ములో. మా అత్తగారు మాత్రం రెండు చాటలు తెచ్చేది. ఒకటి ఆయన జోలెలో పోసి, రెండోది ఆమె కొంగు పట్టమని ఆ కొంగులో పోసేది. మా మామగారు అరుగుమీద కూర్చుని ఇది చూసి ఊరుకునే మనిషి కాదు.

"కత సెప్పింది ఒక్కడే గదా. ఆయమ్మ తందానా అనింది, అంతే గదా. దానికీ ఒక చాటనా?"

మా అత్తగారు తల తిప్పకుండానే, "యాడ, ఆయమ్మ తందానా అనకుండా ఆయప్పను కత సెప్పమనండి, సూద్దాం" అనేది.

ఆ ఒక్క చాట జొన్నల లెక్క నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదంటే నమ్ముతారా? రెండు గొంతులు కలిసి ఒక పాట అయినప్పుడు కూలి ఒకటా, రెండా? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ దీన్ని కొంచెం లాగితే మన వంటింటిదాకా వచ్చేస్తుంది. ఆయన ఉద్యోగం చేస్తారు, ఈవిడ ఇల్లు చూసుకుంటుంది, జీతం ఒకటే. వేళకి క్యారియరు అందకపోయినా, పిల్లవాడి జ్వరానికి ఆయనే రాత్రంతా మేలుకోవలసి వచ్చినా ఆ ఉద్యోగం సాగేదా? అది ఒకరి పనా, ఇద్దరి పనా? మా మామగారి లెక్క ప్రకారం ఒకరిదే. మా అత్తగారి లెక్క వేరు.

అసలు ఆ ఇద్దరిలో రెండో మనిషి చేసేదేమిటో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. రాత్రంతా పాడే గొంతుకి ఊపిరి ఎక్కడ దొరుకుతుంది? వంత అందుకున్నప్పుడే. ఆయన పాదం ముగించీ ముగించకముందే ఆమె దాన్ని అందుకోవాలి. ఆ నాలుగు తాళాల్లో ఆయన ఊపిరి పీల్చుకోవాలి, మంచుకి దిగిపోయిన తీగె బిగించుకోవాలి, రాబోయే ముక్క జ్ఞాపకం చేసుకోవాలి. జ్ఞాపకం రాలేదనుకోండి, ఆమెకది ఆయన మొహం చూడగానే తెలిసిపోవాలి. "అంతట ఆ సంగులాదీవి పోయినాడా ఏంది?" అని తెలియనట్టు అడుగుతూ మరిచిపోయిన ముక్కని ఆయన నోట్లో పెట్టాలి. వినేవాళ్ళు అది ప్రశ్న అనుకుంటారు. అది మందు. చెప్పేవాడికి తాను చెప్పేది తెలిస్తే చాలు. వంతకి ఆయన చెప్పేదీ తెలియాలి, మరిచిపోయేదీ తెలియాలి. ఇదంతా చేస్తూ మధ్యలో ఇంత నిప్పు రాజేసి గుమ్మెట తోలు కాచుకోవాలి, ఒళ్ళో పిల్ల ఏడిస్తే సముదాయించాలి.

ఇంకో సంగతి. వంత పాడటమంటే అవునవుననడం కాదు. అక్కడే మనం ఆ మాటని పాడుచేశాం. కథలో ఆమె అడ్డం వస్తుంది. బాలనాగమ్మని మాయల మరాఠీ ఎత్తుకుపోయిన తరవాత రాజుగారు ఏడుస్తుంటే, గుమ్మెట టక్కున ఆపి, "ఇంటో ఉన్నెబ్బుడు ఏం సేస్తాండె నాయనా ఈ రాజు? ఎత్తకపోయినాక గుర్తొచ్చినాదా పెండ్లాం?" అనేది. ఆడవాళ్ళం కూర్చున్న వైపునుంచి ఒక్కసారి నవ్వు లేచేది. ఆ నవ్వులో ఎవరెవరి కాపురాలున్నాయో! ఆయన దానికి జవాబు చెప్పుకోవాలి. చెప్పకపోతే కథ కదలదు. ఊరంతా చూస్తుండగా మొగుణ్ణి నిలబెట్టి ప్రశ్న వెయ్యగల చోటు ఆ రోజుల్లో ఎంతమందికి ఉండేది చెప్పండి! పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్న మాకెవరికీ లేదు.

ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో బ్రహ్మంగారి మఠం ఉంది. ఏకతార మీటుకుంటూ తత్వాలు పాడే బైరాగులు మా ఊరి మీదుగానే పోయేవాళ్ళు. ఆ తత్వాల్లో బ్రహ్మంగారు చెబుతూ ఉంటారు, సిద్ధయ్య వింటూ ఉంటాడు. దూదేకుల ఇంట పుట్టిన ముస్లిం పిల్లవాడు ఆ శిష్యుడు. ఆ "సిద్ధా" అన్న పిలుపు లేకపోతే తత్వం ఎవరికి చెప్పినట్టు? ముడుమాలలో సిద్ధయ్యకి వేరే మఠమే ఉంది. శిష్యుడైతే కాలక్రమాన తన మఠంలో తాను కూర్చోగలడు. పెళ్ళాం అనే శిష్యురాలికి అలాంటి ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు.

అలాగని జంగం కథని నెత్తిన పెట్టుకుని పొగిడేయడం నాకిష్టం లేదు. ప్రశ్న వేసే హక్కు కథ నడిచినంతసేపే. కథ అయిపోగానే ఆయన తంబుర భుజాన వేసుకుని ముందు నడిచేవాడు. ఆమె జోలె మూట నెత్తిన పెట్టుకుని, గుమ్మెట ఒక చంకన, పిల్ల ఒక చంకన, నాలుగడుగుల వెనక నడిచేది. రెండు చాటల జొన్నలూ ఆమె నెత్తిమీదే ఉండేవి. వాటిని వండేదీ ఆమే.

పేర్ల సంగతి కూడా చూడండి. వింజమూరి అనసూయ, సీత అని అక్కచెల్లెళ్ళు ఉండేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మేనకోడళ్ళు. జానపద గేయాలంటే పొలంలో కూలివాళ్ళు పాడుకునేవి అని చదువుకున్నవాళ్ళు మొహం తిప్పుకునే కాలంలో, ఇద్దరూ కలిసి వాటిని సభల్లోకీ రేడియోలోకీ తెచ్చారు. 1920లో పుట్టిన అనసూయ గారు 2019లో పోయినప్పుడు కూడా అందరూ ఇద్దర్నీ కలిపే తలుచుకున్నారు. అక్కచెల్లెళ్ళు పాడితే రెండు పేర్లు నిలుస్తాయి. మొగుడూ పెళ్ళాం పాడితే ఒక పేరే నిలుస్తుంది. మా వైపే రాజంపేట దగ్గర తాళ్ళపాక తీసుకోండి. అన్నమయ్య గారి పాటలు రాగిరేకుల మీద తిరుమల అరలో దాగి 1922లో బయటపడ్డాయని పిల్లలకి పాఠాల్లో చెబుతాం. ఆయన ఇల్లాలు తిమ్మక్క ఎవరికీ వంత పాడలేదు, సొంతంగా "సుభద్రాకల్యాణం" రాసింది, తెలుగులో తొలి కవయిత్రి అంటారు. అయినా ఆమె పేరెత్తితే మన నోట మొదట వచ్చే మాట "అన్నమయ్య గారి భార్య" అనే కదా!

ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పేచీ లేని పాట ఒకటి నాకు తెలుసు. ఇసుర్రాయి పాట. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒకటే పిడి ఇద్దరూ పట్టుకుని తిప్పుతూ పాడతారు. ఒకామె లాగినప్పుడు రెండో ఆమెకి చెయ్యి తేలిక. ఒకామె పాదం పాడినప్పుడు రెండో ఆమెకి ఊపిరి. రాగులు పిండి అయ్యాక ఇందులో ఎవరు విసిరింది ఎంత అని అడిగినవాళ్ళు లేరు. సమానత్వమంటే ఇదేనేమో అని ఒకప్పుడు మురిసిపోయేదాన్ని. తరవాత తట్టింది, అక్కడ లెక్క రాలేదంటే కారణం కూలి అసలు లేకపోవడమేనని.

ఈ మధ్య మా అమ్మాయి ఒక వీడియో చూపించింది. పడమటి దేశాల వాళ్ళు ఇద్దరు, చెరొక హార్పు ముందర పెట్టుకుని, మీటుతూ పాడుతున్నారు. వాళ్ళ పల్లెపాటలేనట. ఎవరిది కథో, ఎవరిది వంతో తెలియడం లేదు. నాకు అమరావతి శిల్పాలు గుర్తొచ్చాయి. ఆ రాళ్ళమీద ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నది మన సరస్వతీదేవి వీణ కాదు. విల్లులాగా వంగి, వరసగా తీగెలు కట్టిన హార్పులాంటి వీణ. రెండు వేల ఏళ్ళ కిందట మన ఆడవాళ్ళు వాయించిన వాద్యం అది. మన దేశంలో అది దాదాపు మాయమైంది, బర్మాలో ఇప్పటికీ వాయిస్తున్నారు. అందులో తీగెకి ఒక స్వరం. ఏ తీగె పని ఆ తీగెదే, ఇంకో తీగె చెయ్యలేదు. తంబురలో అలా కాదు. పాటంతా ఎటు పోయినా తాను ఉన్నచోటే ఉండి శ్రుతి నిలబెట్టడం దాని పని.

ఆ శ్రుతి మాటే నాకు ముఖ్యం. కాపురానికి పంపేటప్పుడు ఆడపిల్లకి మన పెద్దలు చెప్పే మాట "సర్దుకుపో తల్లీ" అని. సంగీతంలో ఆ మాట లేదు. అక్కడ శ్రుతి కలపడం ఉంది. ఆమె ఆయనకి సర్దుకోవడం కాదు, ఆయన ఆమెకి సర్దుకోవడం కాదు. ఇద్దరూ కలిసి మూడోదానికి, ఆ తంబుర నాదానికి, లోబడాలి. శ్రుతి మొగుడిదీ కాదు, పెళ్ళాందీ కాదు. సంసారమూ ఇలాగే ఉంటే ఎంత బాగుండును, ఇద్దరికీ పైన న్యాయమనేది ఒకటి మోగుతూ ఉంటే చాలు కదా అని నేను చాలా కాలం అందరికీ చెబుతూ వచ్చాను. వినడానికి బాగుంటుంది, నాకూ చెప్పడానికి హాయిగా ఉండేది.

ఒకరోజు ఆ కథ చెప్పే అవ్వనే అడిగాను. అప్పటికి ఆమె ముసలిదైంది, ఆయన పోయి రెండేళ్ళు. "అవ్వా, శ్రుతి ఎవరి గొంతుకి పెట్టుకునేవాళ్ళు మీరు?"

ఆమె నోట్లో ఆకువక్క పక్కకి తోసి నవ్వింది. "ఇంకెవురి గొంతుకమ్మా, ఆయప్ప గొంతుకే. మొగోని గొంతు యాడుంటాది, ఆడదాని గొంతు యాడుంటాది? నేను కిందికి దిగితే గొంతు ఎండకపోతాది, పైకి పోతే అరిసినట్టుంటాది. నడిమిన యాడో ఒగసోట ఏలాడతాంటి. ఆయప్పకు రొంప సేసిన దినం మాత్రం నా గొంతుకు పెడతాండె. ఏడాదికి రెండు తూర్లు."

చూశారా! మూడోది మోగుతుంది నిజమే. కానీ దాన్ని బిగించిన చెయ్యి ఎవరిది? ఆడగొంతూ మగగొంతూ కలిసి పాడేచోట శ్రుతి ఎవరికి అనువుగా పెట్టారన్నదే మొదటి ప్రశ్న. అది తేలకుండా "ఇద్దరూ శ్రుతికి లోబడండి" అంటే, లోబడేది ఒకరే, రెండోవాళ్ళు తమ చోట తామున్నట్టే. ఆచారం అలా ఉంది, పద్ధతి అలా ఉంది, లోకం అలా ఉంది అని మనకి చెప్పేవన్నీ ఒకప్పుడు ఎవరో తమ గొంతుకి అనువుగా బిగించుకున్న తీగెలేనా అని అప్పట్నుంచీ నాకు అనుమానం. అవ్వ ఒక్క మాటతో నా పాత ఉపన్యాసం మూలపడింది.

ఆయన పోయాక ఏమైందో చెప్పలేదు కదూ. కథలన్నీ ఆమెకే తెలుసు. బాలనాగమ్మ, కాంభోజరాజు, బొబ్బిలి, 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలు, అన్నీ నోటికే. ఇక తంబుర ఆమె పట్టుకుంటుంది అనుకున్నాం అందరం. ఆమె పట్టుకోలేదు. కోడలి భుజాన వేసింది. ఏడాదిపాటు కూర్చోబెట్టి కథలు నేర్పింది. తాను మాత్రం గుమ్మెట పట్టుకుని ఆ పక్కనే, ఎప్పటి చోటే నిలబడింది. అత్తకి కోడలు వంత పాడటం చూశాం గానీ, కోడలికి అత్త వంత పాడటం ఎక్కడన్నా చూశామా!

మా అమ్మాయికి ఇది అసలు నచ్చలేదు. "జీవితమంతా పక్కనే నిలబడింది, ఇప్పుడైనా మధ్యకి రాకూడదా? అలవాటైపోయింది పాపం. పంజరం తలుపు తీసినా ఎగరని చిలకలాగా" అంటుంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్ల, మాటకి పదును ఎక్కువ.

నేను ఒప్పుకోను. మొగుడున్నప్పుడు ఆమె వంత, ఇప్పుడూ వంతే. నిలబడ్డ చోటూ అదే, చేతిలో గుమ్మెటా అదే. కానీ అప్పుడు తంబుర ఆమె చేతికి వచ్చే మార్గం లేదు. ఇప్పుడు చేతికి వచ్చింది, ఇచ్చేసింది. రాని దాన్ని లేదనుకోవడానికీ, వచ్చిన దాన్ని ఇచ్చేయడానికీ తేడా లేదా? అమ్మాయికి ఈ మాట చెబితే, "యాభై ఏళ్ళు ఒకే చేత్తో అన్నం తిన్నాక రెండో చేత్తో తినొచ్చు అని చెబితే, ఎవరు తింటారమ్మా? దాన్ని ఇష్టం అంటారా?" అంది. దీనికి నా దగ్గర చటుక్కున జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ అలా అనుకుంటూ పోతే ముసలివాళ్ళు ఎవరు ఏది ఇష్టపడ్డా అది అలవాటే అయిపోతుంది. వాళ్ళకంటూ ఒక మనసు మిగలదు. అదీ న్యాయంగా లేదు.

అవ్వనడిగితే ఇంకోలా చెప్పింది. "కత సెప్పేదానికేముందమ్మా, నేర్పితే ఎవురైనా సెప్తారు. యినేవాళ్ళు దొరకాల. ఆ పిల్ల మర్సిపోతే అందిచ్చేది ఎవురు? నేను నడిమికి పోతే నా పక్కన అది నిలబడల్ల. దానికేం తెలుసు, యాడ అడగల్లనో?" అని, కాసేపాగి, "దాని గొంతుకే పెట్టినా శ్రుతి. ఇద్దురం ఆడోళ్ళమే గదా, నాకూ సరిపాయ" అంది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది.

కోడలు గట్టి పిల్ల. కథ ఒప్పుకునేటప్పుడే ఇద్దరికీ విడివిడిగా ఎంతో తేల్చుకుంటుంది. ఒకసారి గుడి పెద్ద ఒకాయన "కత ఒకటే గదమ్మా" అన్నాడట. "సెప్పేది ఒకటే పెద్దాయనా, అడిగేది ఇంకొగటి" అందట ఆ పిల్ల. మా అత్తగారు బతికుంటే పిలిచి ఒక రవికెగుడ్డ పెట్టేది.

కిందటేడు ఎవరో వాళ్ళని పిలిచి సన్మానం చేశారు. శాలువా ఒకటే తెచ్చారు. తంబుర ఎవరి భుజాన ఉందో చూసి కోడలికి కప్పారు. మాకందరికీ కష్టం వేసింది. అవ్వ మాత్రం, "పోనీలేమ్మా, ఈ మైదుకూరు ఎండల్లో శాలువాతో ఏం పని? అది కప్పుకోని ఉడకతాంటే నేను ఇసురుతాంటి" అని పకపకా నవ్వింది. కోడలు నవ్వలేదు. మర్నాడే వెళ్ళి వాళ్ళని అడిగిందని తరవాత తెలిసింది. ఏమన్నారో మాత్రం తెలియలేదు.

మా అమ్మాయి శివరాత్రికి వస్తానంది. జాగరణకి రామాలయం ముందర వాళ్ళ కథ ఉంది. అవ్వనే సూటిగా అడిగేస్తుందట, "ఇది నీ ఇష్టమా, అలవాటా" అని. అడగమన్నాను. అవ్వ సంగతి నాకు తెలుసు. ముందు గుమ్మెట దాని ఒళ్ళో పెట్టి, "రోంతసేపు వంత పట్టు తల్లీ, ఆనక మాట్లాడుకుందాం" అంటుంది.